బైపాస్ తర్వాత కాల్షియం: సీసా మీద 1000 అని ఉంది, వెనక 210 అని ఉంది. ఏది నమ్మాలి?

చిన్న_సంచి అడిగారు:

నమస్కారమండీ. గ్యాస్ట్రిక్ బైపాస్ (బరువు తగ్గడానికి కడుపును చిన్న సంచిలా చేసి, చిన్నపేగు మొదటి భాగాన్ని దాటించి కలిపే ఆపరేషన్) చేయించుకుని కొన్ని నెలలైంది. ఇన్నాళ్లూ ఆస్పత్రిలో ఇచ్చిన నమిలే కాల్షియం మాత్రలతో నెట్టుకొచ్చాను. నోట్లో వేసుకుంటే సుద్దముక్క నమిలినట్టే ఉంటుంది. ఇప్పుడు అవీ అయిపోవచ్చాయి. డిశ్చార్జి కాగితంలో "కాల్షియం రోజుకు 1200 నుంచి 1500 మి.గ్రా., జీవితాంతం" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఏ రకమో, ఎప్పుడు వేసుకోవాలో లేదు. ఫోన్ చేస్తే "ఏదైనా పర్లేదమ్మా" అని పెట్టేశారు.

ప్రస్తుతం నా ముందు రెండు సీసాలున్నాయి. ఒకదాని మీద పెద్దక్షరాలతో "కాల్షియం సిట్రేట్ 1000 మి.గ్రా." అని ఉంది. వెనక్కి తిప్పితే ఎలిమెంటల్ కాల్షియం, అంటే మాత్రలో ఉండే అసలు కాల్షియం, 210 అంటోంది. రెండోది కార్బొనేట్ 1250 మి.గ్రా., అందులో ఎలిమెంటల్ కాల్షియం 500. మావారికి లెక్కలంటే సరదా. "కార్బొనేట్ అయితే మూడు మాత్రలతో 1500 పూర్తవుతుంది, సిట్రేట్ ఏడు మింగాలి, ఇందులో ఆలోచించడానికేముంది?" అంటారు. బైపాస్ వాళ్లకు సిట్రేటే మంచిదని విన్నాను, కానీ కారణం తెలియక ఆయనతో వాదించలేకపోతున్నాను.

ఇంకో చిక్కు కూడా ఉంది. పొద్దున్నే థైరాయిడ్ మాత్ర, ఆ తర్వాత యాసిడ్ తగ్గించే మాత్ర, ఐరన్, ఐరన్ ఉన్న మల్టీవిటమిన్. వీటి మధ్య కాల్షియం ఎక్కడ ఇరికించాలి? మొన్న రక్తపరీక్షలో కాల్షియం 9.3 వచ్చింది, నార్మలే. అలాంటప్పుడు ఇంత తంటా అవసరమా అని కూడా అనిపిస్తోంది.

నెమ్మదిగా_నములు:

మీవారి లెక్క కాగితం మీద కరెక్టే. కార్బొనేట్ బరువులో 40 శాతం కాల్షియం ఉంటుంది, సిట్రేట్‌లో 21 శాతమే. అందుకే సీసా ముందున్న పెద్ద అంకెను అసలు చూడొద్దు, వెనకున్న ఎలిమెంటల్ అంకెనే చూడాలి. మీకు చెప్పిన 1200–1500 కూడా ఎలిమెంటల్ లెక్కే.

కానీ మింగింది వేరు, ఒంటికి పట్టింది వేరు. కార్బొనేట్ కరగాలంటే కడుపులో యాసిడ్ ఉండాలి. బైపాస్‌లో మిగిల్చిన చిన్న సంచిలో యాసిడ్ తయారయ్యేదే అంతంతమాత్రం. పైగా మీరు దాన్ని తగ్గించే మాత్ర కూడా వేసుకుంటున్నారు. ఇక ఆ కార్బొనేట్ ఎలా కరుగుతుంది? కాల్షియాన్ని బాగా పీల్చుకునే చిన్నపేగు మొదటి భాగాన్ని కూడా ఆపరేషన్‌లో దాటించేశారు. సిట్రేట్‌కు యాసిడ్‌తో పని లేదు, తిండితో వేసుకున్నా పరగడుపున వేసుకున్నా పడుతుంది. బైపాస్ వాళ్లకు సిట్రేట్ చెప్పేది అందుకే. నేను బైపాస్ అయినప్పటినుంచీ అదే వాడుతున్నాను.

పేగు ఒక్కసారికి 500–600 మి.గ్రా.కు మించి సరిగ్గా పీల్చుకోలేదు. కాబట్టి మూడు మాత్రలూ ఒకేసారి వేసుకుని చేతులు దులుపుకుందామంటే కుదరదు, అది ఏ రకమైనా సరే. మీ సిట్రేట్ పూటకు రెండు చొప్పున మూడు పూటలు వేసుకుంటే 1260 అవుతుంది. తిండిలో వచ్చేది దానికి తోడు. ఏడో మాత్ర కోసం మీవారిని బెంగపడొద్దనండి.

ఆ 9.3 చూసి మాత్రం మురిసిపోకండి. రక్తంలో కాల్షియం తగ్గకుండా శరీరం ఎలాగైనా కాపాడుకుంటుంది. తిండి నుంచి అందకపోతే పారాథైరాయిడ్ హార్మోన్ (పీటీహెచ్) పెరిగి ఎముకల్లోంచి తోడి రక్తంలోకి పంపిస్తుంది. రిపోర్టు నార్మల్, ఎముక మాత్రం గుల్ల. ఈసారి వెళ్లినప్పుడు పీటీహెచ్, విటమిన్ డి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముకలు అరుగుతుంటే రక్తంలో పెరిగే ఎంజైమ్) కూడా చూడమని అడగండి. డి సరిపోకపోతే ఎంత కాల్షియం వేసుకున్నా సరిగ్గా పట్టదు. అమెరికన్ సొసైటీ ఫర్ మెటబాలిక్ అండ్ బేరియాట్రిక్ సర్జరీ (బరువు తగ్గించే ఆపరేషన్ల డాక్టర్ల సంఘం) వాళ్లు రోజుకు 3000 యూనిట్ల డి3 (విటమిన్ డిలో ఒక రకం) చెబుతారు, రక్తంలో డి మిల్లీలీటరుకు 30 నానోగ్రాములు దాటేదాకా. మీకెంత అన్నది మీ రిపోర్టు చూసి డాక్టరే చెప్పాలి.

వేళలకు నేనైతే ఇలా పెట్టుకుంటాను: ఆరింటికి థైరాయిడ్, పదింటికి కాల్షియం, ఒంటిగంటకు భోజనంతో ఐరన్, మల్టీవిటమిన్, నాలుగింటికి కాల్షియం, రాత్రి తొమ్మిదింటికి మళ్లీ కాల్షియం. థైరాయిడ్‌కీ కాల్షియానికీ నాలుగు గంటల ఎడం, ఐరన్‌కీ కాల్షియానికీ కనీసం రెండు గంటలు. ఈ రెండూ తప్పకపోతే మిగతాది మీ వీలు. ఫోన్‌లో అలారాలు పెట్టుకోండి, ఇంట్లో వాళ్లు విసుక్కుంటే విసుక్కుంటారు.

స్లీవ్_బాబాయ్:

కార్బొనేట్‌ను మరీ అంతగా తీసిపారేయకండి. నాది స్లీవ్ (కడుపులో చాలా భాగం తీసేసి గొట్టంలా మిగిల్చే ఆపరేషన్, పేగు జోలికి వెళ్లరు), బైపాస్ కాదు. యాసిడ్ మాత్ర ఆపేసి చాలాకాలమైంది. సిట్రేట్ మాత్రల సైజు చూస్తేనే నాకు గొంతు పట్టేసినట్టుంటుంది. మా డాక్టర్ కార్బొనేట్‌కు సరే అన్నారు, కాకపోతే తప్పనిసరిగా భోజనంతోనే అన్నారు. పీటీహెచ్ బాగానే ఉంటోంది. గ్యాస్, మలబద్ధకం మాత్రం దీనితో కొంచెం ఎక్కువే, దాచడానికేముంది.

నెమ్మదిగా_నములు:

బాబాయ్ గారూ, మీ విషయంలో ఒప్పుకుంటాను. అడిగినావిడది బైపాస్, యాసిడ్ మాత్ర నడుస్తోంది. ఆవిడకు నేను కార్బొనేట్ చెప్పలేను.

మందుల_షాపు_మనిషి:

కౌంటర్‌లో రోజూ చూసేవి రెండు మూడు చెబుతాను. సీసా వెనక "సర్వింగ్" అంటే ఎన్ని మాత్రలో చూడండి. 500 అని రాసి ఉంటుంది, కింద చూస్తే అది రెండు మాత్రలకు. నమిలేవి, గమ్మీలు కొనేముందు చక్కెర ఎంతో చూసుకోవాలి. బైపాస్ అయినవాళ్లకు చక్కెర ఎక్కువైతే డంపింగ్ వస్తుంది, గుండెదడ, చెమటలు, విరేచనాలు. గమ్మీల్లో కాల్షియం కూడా తక్కువే ఉంటుంది, నాకైతే అవి మిఠాయి కిందే లెక్క. పెద్ద మాత్ర మింగలేకపోతే సిట్రేట్‌లోనే పొడి, ద్రవం దొరుకుతాయి. నెమ్మదిగా కరిగే పూత మాత్రలు మీకు వద్దు. కాల్షియం మాత్రలో డి3 కలిపి ఉంటే అదీ మీ డి లెక్కలో వేసుకోండి. డాక్టర్ ఏదైనా యాంటీబయాటిక్ రాస్తే, కాల్షియం వాడుతున్నానని ముందే చెప్పండి. కొన్నింటిని కాల్షియం పట్టేసి పనిచేయనివ్వదు.

మూతి చుట్టూ, వేళ్ల చివర్ల తిమ్మిర్లు, కండరాలు పట్టేయడం లాంటివి వస్తే మాత్రం ఇక్కడ అడుగుతూ కూర్చోకండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

చిన్న_సంచి:

అందరికీ థాంక్స్. మావారికి చదివి వినిపించాను, "అయితే యాసిడ్ సంగతి ముందే చెప్పాలిగా" అని నా మీదకే తోశారు. ఇంకొక్క టెన్షన్ ఉంది. చాలా ఏళ్ల కిందట కిడ్నీలో రాయి వచ్చింది. ఇంత కాల్షియం వేసుకుంటే మళ్లీ రాదా?

నెమ్మదిగా_నములు:

ఈ మాట ముందే చెప్పాల్సిందండీ. బైపాస్ తర్వాత రాళ్ల భయం ఉన్న మాట నిజమే, కానీ దాన్ని చూసి కాల్షియం మానేస్తే ఇంకా చేటు. అరగని కొవ్వు పేగులో ఉన్న కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. అప్పుడు తిండిలోని ఆక్సలేట్ అనే పదార్థం ఒంటరిగా మిగిలి రక్తంలోకి, అక్కణ్నుంచి కిడ్నీలోకి పోతుంది. రాయి కట్టేది అదే. కాల్షియం తిండితో పాటు పడితే ఆక్సలేట్‌ను పేగులోనే పట్టి మలంలో పంపేస్తుంది. మూత్రంలోకి వెళ్లే సిట్రేట్ కూడా రాళ్లు కట్టకుండా సాయపడుతుంది. మీకు సిట్రేటే ఎందుకో చెప్పడానికి ఇది ఇంకో కారణం.

కాబట్టి నేను పైన రాసిన వేళలు మీకోసం మారుస్తాను. థైరాయిడ్ ఆరింటికే. పదింటికి ఏదైనా తింటూ కాల్షియం, ఒంటిగంటన్నరకు భోజనంతో కాల్షియం, ఐదింటికి ఐరన్, మల్టీవిటమిన్, ఎనిమిదింటికి రాత్రి భోజనంతో కాల్షియం. నీళ్లు రోజంతా గుక్కగుక్కగా తాగుతూనే ఉండాలి. అయితే మొదలుపెట్టేముందు రాయి సంగతి మీ సర్జన్‌కు చెప్పి, 24 గంటల మూత్ర పరీక్ష అవసరమా అని అడగండి. ఈసారి "ఏదైనా పర్లేదమ్మా" అంటే ఫోన్ పెట్టనివ్వకండి.