22 లక్షలా, 2 లక్షల 20 వేలా? ట్రంప్–బైడెన్ డిబేట్‌లో ఎవరి లెక్క న్యాయం?

విశాఖ_పాలనాశాస్త్రం (ప్రశ్న)

నమస్కారం. సంక్షోభ సమయంలో ప్రభుత్వ నాయకత్వాన్ని దేనితో కొలవాలి అన్న అంశం మీద ఎం.ఏ. సెమినారు పత్రం రాస్తున్నాను. అందుకోసం 2020లో డొనాల్డ్ ట్రంప్, జో బైడెన్ తలపడిన రెండు డిబేట్లనూ చూశాను. సెప్టెంబరు 29న క్లీవ్‌లాండ్‌లో జరిగిన మొదటిది ఒకరి మాటకు మరొకరు అడ్డుపడటంతోనే చాలావరకు గడిచిపోయింది కాబట్టి, నా ప్రశ్న ముఖ్యంగా అక్టోబరు 22న నాష్‌విల్‌లో జరిగిన రెండోదాని గురించి.

అక్కడ మొదటి ప్రశ్నే కరోనా మీద వచ్చింది. 22 లక్షల మంది చనిపోతారని అంచనాలు వేశారని ట్రంప్ గుర్తుచేసి, దానితో పోలిస్తే తమ ప్రభుత్వం ఎంతో మందిని కాపాడినట్టేనన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. బైడెన్ తన వంతు రాగానే 2 లక్షల 20 వేల మంది అమెరికన్లు చనిపోయారని, ఇన్ని మరణాలకు బాధ్యుడైనవారు అధ్యక్ష పదవిలో కొనసాగకూడదని అన్నారు. అమెరికాలో ఉన్న మా బంధువుల్లో బాబాయి వాళ్లు మొదటి అంకెను, మా పెద్దమ్మ పిల్లలు రెండో అంకెను పట్టుకుని ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. రెండు అంకెలూ ఎవరూ గాలిలోంచి పుట్టించినవి కావు. మరి ఒకే ప్రభుత్వం పనితీరు మీద ఇంత విరుద్ధమైన తీర్పులు ఎలా వస్తున్నాయి? వీటిలో సరైన కొలబద్ద ఏది?

ఆస్టిన్_తెలుగు

నాది రిపబ్లికన్ పక్షం. ఆ సంగతి ముందే చెప్పేస్తే నా మాటలను ఎంతవరకు నమ్మాలో మీరే నిర్ణయించుకోవచ్చు.

అంకెలకంటే ముందు అధికారం ఎవరి చేతిలో ఉందో చూడండి. మన దేశంలో 2020 మార్చి 24 రాత్రి ప్రకటన వెలువడిన కొన్ని గంటలకే, విపత్తు నిర్వహణ చట్టం కింద కేంద్రం దేశమంతటినీ లాక్‌డౌన్‌లోకి నెట్టగలిగింది. అమెరికా అధ్యక్షుడికి అలాంటి వీలు లేదు. బడులు మూయాలన్నా, దుకాణాలు తెరవాలన్నా అది రాష్ట్రాల గవర్నర్ల పని. వాళ్లు మన గవర్నర్లలాగా నియమితులు కారు, ప్రజలు ఎన్నుకున్నవాళ్లు, దాదాపు మన ముఖ్యమంత్రులతో సమానం. మొదటి విడతలో అందరికంటే ఎక్కువగా దెబ్బతిన్న న్యూయార్క్‌ను పాలించింది డెమొక్రాట్ గవర్నర్. కోవిడ్ ఉందన్న ఒక్క కారణంతో వృద్ధాశ్రమాలు రోగులను చేర్చుకోకుండా తిప్పి పంపకూడదని 2020 మార్చి 25న ఉత్తర్వు ఇచ్చింది ఆయన ప్రభుత్వమే. ఆ ఆశ్రమవాసుల మరణాలను రాష్ట్ర ఆరోగ్యశాఖ తక్కువగా చూపి ఉండవచ్చని 2021 జనవరిలో నివేదిక ఇచ్చిన న్యూయార్క్ అటార్నీ జనరల్ (రాష్ట్ర ప్రధాన న్యాయాధికారి) కూడా డెమొక్రాటే. ఆ మరణాలన్నీ బైడెన్ చెప్పిన 2 లక్షల 20 వేలలో కలిసే ఉన్నాయి.

ఇక టీకా సంగతి. 2020 మే నెలలో మొదలుపెట్టిన ఆపరేషన్ వార్ప్ స్పీడ్ కింద, ఫలితం తేలకముందే కోట్ల డోసుల తయారీకి, కొనుగోలుకు ప్రభుత్వం డబ్బు కుమ్మరించింది. కొన్ని వారాల్లో టీకా ప్రకటన వస్తుందని నాష్‌విల్‌లో ట్రంప్ అంటే చాలామంది నవ్వుకున్నారు. నవంబరు 9న ఫైజర్ ఫలితాలు వచ్చాయి, డిసెంబరు 11న అత్యవసర అనుమతి వచ్చింది. ఈ మాట ఒప్పుకోవడానికి మా ఊళ్లోని డెమొక్రాట్ మిత్రులకు నోరు రాదు.

ప్రజారోగ్యం_ఎడిసన్

ఆస్టిన్ గారూ, టీకా విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను, కాబట్టి నోరు రాని డెమొక్రాట్ల లెక్కలో నన్ను చేర్చకండి. అయితే అదే డిబేట్‌లో బైడెన్ అన్నదేమిటో కూడా చెప్పాలి కదా. వచ్చే ఏడాది మధ్యనాటికి గాని దేశంలో ఎక్కువమందికి టీకా అందదని ఆయన అన్నారు. దాదాపు అలాగే జరిగింది. ఒకరు టీకా ప్రకటన గురించి, ఇంకొకరు అది జనానికి చేరడం గురించి మాట్లాడుతుంటే, ఇరుపక్షాల అభిమానులూ ఎదుటివాడు అబద్ధమాడాడని ప్రచారం చేసుకున్నారు.

అధికారం రాష్ట్రాలది అన్న వాదన మాత్రం సగం దూరమే తీసుకెళ్తుంది. కచ్చితంగా కేంద్రం చేతిలోనే ఉన్న పనులను చూడండి. జాతీయ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2020 ఫిబ్రవరి మొదట్లో రాష్ట్రాల ప్రయోగశాలలకు పంపిన పరీక్ష కిట్లలో లోపం బయటపడింది. ఇతర ప్రయోగశాలలు తమ సొంత పరీక్షలను వాడుకునేలా నిబంధనలు సడలించేసరికి నెలాఖరు అయింది. వైరస్ ఊరూరా పాకుతున్న ఆ కొద్ది వారాల్లో దేశం కళ్లకు గంతలు కట్టుకుని నడిచింది. దక్షిణ కొరియాలోనూ, అమెరికాలోనూ మొదటి కేసు జనవరి మూడో వారంలోనే నిర్ధారణ అయింది. నాష్‌విల్ డిబేట్ నాటికి అయిదు కోట్లకు పైగా జనం ఉన్న ఆ దేశంలో మరణాలు 500 కూడా దాటలేదు. 2015లో మెర్స్ వ్యాధి నేర్పిన పాఠం కొరియాకు ఉపయోగపడిన మాట నిజమే కానీ, ఆ పాఠం చదువుకోవద్దని అమెరికాను ఎవరూ ఆపలేదు.

రెండోది, అధ్యక్షుడి మాట. వైరస్ గాలి ద్వారా సోకుతుందని, మామూలు ఫ్లూ కంటే ప్రాణాంతకమని ఫిబ్రవరి 7నే ఒక సీనియర్ పాత్రికేయుడితో ట్రంప్ అన్నారు. మార్చిలో అదే పాత్రికేయుడితో, దీన్ని తగ్గించి చెప్పడమే తనకు ఇష్టమని కూడా అన్నారు. ఆ రికార్డింగులు సెప్టెంబరులో బయటికి వచ్చాయి. క్లీవ్‌లాండ్ వేదిక మీద బైడెన్ ఎప్పుడు చూసినా మాస్కు తగిలించుకునే ఉంటాడని ఎగతాళి చేసిన మూడు రోజులకే తనకు కోవిడ్ సోకినట్టు ప్రకటించి, సైనిక ఆసుపత్రిలో చేరారు. అక్టోబరు 15న జరగవలసిన డిబేట్‌ను అందుకే వీడియో ద్వారా జరుపుతామంటే ఆయన ఒప్పుకోలేదు, అది రద్దయింది. మాట అన్నది గవర్నర్లకు అప్పగించగలిగే అధికారం కాదు.

నల్లకుంట_మాస్టారు

ముప్పై ఏళ్లు గణాంకశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. అమెరికాలో నాకు ఓటు లేదు, అందువల్ల ఎవరికీ బాకీ లేను. బాబూ విశాఖా, నీ ప్రశ్నకు నా సమాధానం ఏమిటంటే, రెండు అంకెలూ నిజమే గానీ రెండు పోలికలూ తప్పే.

ముందు 22 లక్షల సంగతి. అది లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2020 మార్చి 16న విడుదల చేసిన నివేదికలోని అంకె. ప్రభుత్వం ఏ చర్యా తీసుకోకపోతే, జనం కూడా తమంతట తాము ఏ జాగ్రత్తా పడకపోతే అన్న రెండు షరతుల మీద కట్టిన అంచనా అది. చుట్టుపక్కల మనుషులు చనిపోతుంటే ఎవరూ తలుపు వేసుకోకుండా ఉండే దేశం భూమ్మీద లేదు కాబట్టి, ఆ అంకె జరగబోయేదానికి జోస్యం కాదు, గరిష్ఠ హద్దు. దాన్ని ప్రాతిపదికగా పెట్టుకుంటే ప్రతి గవర్నరూ, ప్రతి నర్సూ, భయపడి ఇంట్లో కూర్చున్న ప్రతి కుటుంబమూ తగ్గించిన మరణాల ఘనత మొత్తం అధ్యక్షుడి ఖాతాలో పడుతుంది. అందులో ఒక విడ్డూరం కూడా ఉంది. మిషిగన్, మిన్నెసోటా, వర్జీనియా రాష్ట్రాలకు విముక్తి కలిగించండని ఏప్రిల్ 17న ట్రంప్ ట్వీట్లు పెట్టింది ఆ గవర్నర్ల ఆంక్షల మీదనే. ఏ ఆంక్షలను ఎత్తివేయమన్నాడో, అవి కాపాడిన ప్రాణాలనే అక్టోబరులో తన లెక్కలో వేసుకున్నాడు.

ఇప్పుడు 2 లక్షల 20 వేలు. ఇది నమోదైన మరణాల సంఖ్య, దాంతో పేచీ లేదు. కానీ ఇన్ని మరణాలకూ ఒక మనిషే బాధ్యుడని అన్నప్పుడు, వేరొకరు ఆ కుర్చీలో ఉంటే సున్నా అయ్యేదని చెప్పకనే చెప్పినట్టు అవుతుంది. బైడెన్ ప్రమాణ స్వీకారం ముందురోజు మరణాలు 4 లక్షలు దాటాయి. 2022 మే నెలకు 10 లక్షలకు చేరాయి. అంటే టీకాలు చేతిలో ఉండి కూడా, సగానికి పైగా మరణాలు బైడెన్ హయాంలో నమోదయ్యాయి. నాష్‌విల్‌లో ఆయన వాడిన తక్కెడలోనే ఆయన్ను తూచితే ఏమవుతుందో చూడు. అది అన్యాయమని ఆయన పక్షంవారు అంటారు, డెల్టా వచ్చింది, ఒమిక్రాన్ వచ్చింది అంటారు. నిజమే, అదే న్యాయం 2020కీ వర్తించాలి.

మన దగ్గర ఆ డిబేట్ల నుంచి అందరికీ గుర్తుండిపోయింది మాత్రం భారతదేశం గాలి మురికి అన్న మాట. దానికి రోషపడ్డవాళ్లు క్లీవ్‌లాండ్‌లో ట్రంప్ అన్న ఇంకో మాటను పట్టించుకోలేదు. చైనా, రష్యా, భారత్‌లలో ఎంతమంది చనిపోయారో తెలియదని, ఆ దేశాలు లెక్క సూటిగా చెప్పవని ఆయన అన్నారు. తన దేశపు అంకెను చిన్నదిగా చూపించుకోవడానికి అన్నదే అయినా, ఆ ప్రశ్న కొట్టిపారేయదగినది కాదు. 2020, 2021 సంవత్సరాల్లో మన దేశంలో సుమారు 47 లక్షల అదనపు మరణాలు, అంటే మామూలుగా జరిగేవాటికి మించిన మరణాలు, సంభవించాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మే నెలలో అంచనా వేసింది. ఆ రెండేళ్లకు అధికారిక కోవిడ్ మరణాల లెక్క 5 లక్షల లోపే. మన ప్రభుత్వం ఆ అంచనా పద్ధతిని తీవ్రంగా ఆక్షేపించింది. దేశాల మధ్య మరణాలను పోల్చేటప్పుడు ఈ తేడా నీ పత్రంలో తప్పకుండా రావాలి.

ఆస్టిన్_తెలుగు

మాస్టారూ, విముక్తి ట్వీట్ల విషయంలో మీకు జవాబు చెప్పడం కష్టమే. కానీ ఎడిసన్ గారికి ఒక్క ప్రశ్న. మాటకు అంత బలం ఉంటే, సాల్ట్ లేక్ సిటీలో అక్టోబరు 7న కమలా హారిస్ అన్నమాట సంగతేమిటి? వైద్యులు చెబితే టీకా వేయించుకుంటాను గాని, ట్రంప్ వేయించుకోమంటే వేయించుకోనని ఆవిడ అన్నారు. టీకా మీద అనుమానం విత్తినవాళ్లలో రెండు పార్టీలవాళ్లూ లేరా?

ప్రజారోగ్యం_ఎడిసన్

ఉన్నారు. వైద్యులు చెబితే అన్న షరతు ముందే పెట్టినా, టీవీలో పదేపదే వినిపించింది రెండో సగమే కాబట్టి ఆవిడ ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ దాని ప్రభావం ఎవరి మీద ఎంత పడిందో పరిశీలించిన అధ్యయనం ఏమంటున్నదో చూడండి. ఒహాయో, ఫ్లోరిడా రాష్ట్రాల్లో ఓటర్ల పార్టీ నమోదును మరణాలతో పోల్చినప్పుడు, టీకాలు అందరికీ అందుబాటులోకి వచ్చిన తరువాత అదనపు మరణాల రేటు రిపబ్లికన్ ఓటర్లలో ఎక్కువగా తేలింది. తన ప్రభుత్వమే తెప్పించిన టీకా వేయించుకోమని 2021 ఆగస్టులో అలబామా సభలో ట్రంప్ చెబితే, సొంత అభిమానులే గోల చేశారు. 2020లో తేలిగ్గా తీసిపారేసిన జబ్బుకు 2021లో టీకా అవసరమని నమ్మించడం ఆయన చేతుల్లో కూడా లేకుండా పోయింది.

విశాఖ_పాలనాశాస్త్రం

అందరికీ ధన్యవాదాలు. మాస్టారూ, అయితే మొత్తం మరణాల అంకెను పక్కనపెట్టి, పరీక్ష కిట్లు, అధ్యక్షుడి ప్రకటనలు, టీకా కొనుగోళ్లు అని నిర్ణయాల వారీగా పత్రం నడిపితే సరిపోతుందా?

నల్లకుంట_మాస్టారు

సరిపోతుంది. ప్రతి నిర్ణయం దగ్గరా మూడు విషయాలు రాసుకో: ఆ రోజుకు వాళ్లకు తెలిసినదేమిటి, చేయగలిగిన అధికారం ఎవరిది, ఎన్ని రోజులు ఆలస్యమైంది. మాస్కులు కొనవద్దని ఫిబ్రవరి నెలాఖరులో దేశ సర్జన్ జనరల్ (ప్రజారోగ్యం మీద ప్రభుత్వం తరఫున మాట్లాడే ముఖ్య వైద్యుడు) చెప్పి, ఏప్రిల్ 3న సీడీసీ ముఖానికి గుడ్డ కట్టుకోమని చెప్పింది కాబట్టి, ఆ నెలరోజుల తప్పు ట్రంప్ ఒక్కడిది కాదని నీ పత్రమే చెబుతుంది. ఏప్రిల్ తరువాతి మాస్కు రాజకీయం ఎవరిదో కూడా అదే చెబుతుంది. బాబాయి వాళ్లకూ, పెద్దమ్మ పిల్లలకూ మాత్రం ఆ పత్రం పంపకు, ఎవరికి కావలసిన పేజీ వాళ్లు చించుకుంటారు.