బ్రేక్ ఆయిల్ డబ్బా మీది ‘వెట్’ని తడి అనాలా, చెమ్మ అనాలా?

అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర వారం నుంచి ఆగిపోయాను, మీ సాయం కావాలి. మా బావమరిదికి గాజువాక ఆటోనగర్‌లో చిన్న కార్ల షెడ్డు ఉంది. బ్రేక్ ఆయిల్ ఎందుకు మార్చాలో, ఏ బండికి ఏది పోయాలో వచ్చినవాళ్ళకి తెలిసేలా గోడ మీద తెలుగులో బోర్డు రాసిపెట్టమన్నాడు. డబ్బా మీద రెండు అంకెలుంటాయి కదా, డ్రై బాయిలింగ్ పాయింట్, వెట్ బాయిలింగ్ పాయింట్ అని. నేను బడి పుస్తకం పద్ధతిలో ‘పొడి మరుగు స్థానం, తడి మరుగు స్థానం’ అని రాసేశాను. రెండో రోజే ఒక డ్రైవర్ గారు అడిగారట, “తడి అంటే వానలో నడిపినప్పుడా? మేం వానలో ఘాట్ ఎక్కం లెండి, మాకు పొడిదే చూసి పొయ్యండి” అని. ఆయన అరకుకి టూరిస్టులని తిప్పే మనిషి. అనంతగిరి మలుపులు దిగేటప్పుడు ఆయనకి అక్కరకొచ్చేది ఆ రెండో అంకే. నా మాట వల్ల ఆయనకి అది తనది కాదనిపించింది, అదే నన్ను బాధపెట్టింది.

సంగతి తెలియనివారి కోసం చెప్తాను. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 అనే రకాలు గ్లైకాల్ ఈథర్లు అనే రసాయనాల జాతివి, గాలిలో తేమని పీల్చుకోవడం వాటి గుణం. రబ్బరు గొట్టాల్లోంచి, మూత సందుల్లోంచి రోజూ కొంచెం కొంచెంగా నీరు చేరుతూనే ఉంటుంది, బండి వాడినా వాడకపోయినా. సీలు తీసిన కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం, అందులో సుమారు 3.7 శాతం నీరు చేరాక అది 155కి పడిపోవచ్చు. డాట్ 3కి ఆ అంకెలు 205, 140, డాట్ 5.1కి 260, 180. డబ్బా మీద వెట్ అన్నది ఈ నీరు చేరిన స్థితినే, వానకీ దానికీ సంబంధం లేదు.

ఇక్కడ తెలుగు మనకి మంచి సాయం చేస్తుంది. కాగడం వేరు, మరగడం వేరు కదా. ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ ద్రవం కాగడం మామూలే, దానికి ఏమీ కాదు. మరిగిందంటే మాత్రం లోపల ఆవిరి బుడగలు పుడతాయి, ద్రవం నొక్కితే నలగదు గానీ ఆవిరి నలుగుతుంది, పెడల్ మెత్తగా కిందదాకా వెళ్ళిపోతుంది, చక్రం ఆగదు.

నా ఆలోచన ఏమిటంటే, తడి అనేది పైన చేత్తో తగిలేది, తుడిస్తే పోయేది. తేమ గాలిలో, మట్టిలో ఉండేది. చెమ్మ లోపలికి దిగేది. గోడకి చెమ్మ పడుతుంది, అగ్గిపెట్టెకి పడుతుంది, మన ఊళ్ళో సముద్రపు గాలికి ఉప్పు డబ్బాకైతే చెప్పక్కర్లేదు. చెమట, చెమర్చడం కూడా ఈ కుటుంబంలోవే. అందుకని ‘చెమ్మ మరుగు స్థానం’ అందామా?

— తడి, పొడి జంటని వదులుకోవద్దండీ. మన వీధిలోకి చెత్త బండి వచ్చినప్పుడల్లా తడి చెత్త, పొడి చెత్త అని వింటూనే ఉన్నాం, జనానికి అలవాటైన మాట.

— అసలు ‘ఆయిల్’ అనడమే మార్చాలి. మా కాలనీలో ఒకాయన బండికి, ఎక్కడో దారిలో, ఆయిలే కదా అని స్టీరింగ్ ఆయిల్ పోసేశారు. లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి బ్రేకులు పట్టేశాయి, సీళ్ళున్న భాగాలన్నీ మార్చాల్సి వచ్చింది. నూనె అంటే నువ్వుల నెయ్యి, తైలం తిలల నుంచి, ఆయిల్ ఆలివ్ నుంచి. మూడింటి పుట్టుకా గింజలోనో కాయలోనో ఉంది. ఇది నీళ్ళతో కలిసిపోయే ద్రవం, నూనె ఎలా అవుతుంది?

ఇద్దరికీ జవాబు రాస్తున్నాను. ఆయిల్ గురించి మీరన్నది నిజం, బోర్డు మీద ‘బ్రేక్ ఫ్లూయిడ్’ అని మారుస్తాను, ఇంజను నూనె, స్టీరింగ్ నూనె పొయ్యకూడదని కింద ఎర్ర అక్షరాలతో రాయిస్తాను. తడి, పొడి జంట చెత్తకి బాగానే ఉంది, ఎందుకంటే అక్కడ రెండూ వేర్వేరు వస్తువులు, వేర్వేరు బుట్టలు. ఇక్కడ ఉన్నది ఒకటే ద్రవం, కాలం గడిచేకొద్దీ మారేది. పైగా పొడి అంటే కారప్పొడి కూడా గుర్తొస్తుంది. మరుగుకి చాటు అనే అర్థం ఉండనే ఉంది. నిన్న రాత్రంతా ఆలోచిస్తే నాకు తోచింది, మనకి కావలసింది నామవాచకం కాదు, ‘పట్టు’ అనే క్రియ. తుప్పు పడుతుంది, బూజు పడుతుంది, నాచు పడుతుంది, చెమ్మ పడుతుంది. ఎవరూ చెయ్యకుండా, మెల్లగా, మనం చూడనప్పుడు జరిగేవాటికి వాడతాం. రెండేళ్ళకోసారి ఎందుకు మార్చాలో ఆ ఒక్క క్రియ చెప్పేస్తుంది.

ట్రాక్ మీద కార్లు నడిపే ఒక కుర్రాడు షెడ్డుకి వస్తుంటాడు, చెన్నై, కోయంబత్తూరు ట్రాకులకి వెళ్తాడు. అతను చూసేది మొదటి అంకె, 300 డిగ్రీలు దాటినవి కొంటాడు, ఎందుకంటే ప్రతి ట్రాక్ రోజుకి ముందూ పాతది తీసి కొత్తది పోయిస్తాడు, చెమ్మ పట్టే వ్యవధే ఇవ్వడు. మనలా రెండేళ్ళు తిరిగేవాళ్ళకి రెండో అంకె ముఖ్యం. అతని డబ్బా చూసి అదే పొయ్యమనేవాళ్ళున్నారు, వద్దు, కంపెనీ పుస్తకంలో ఏ డాట్ రాస్తే అదే. డాట్ 5 మాత్రం సిలికాన్, 5.1కి పేరులోనే చుట్టరికం, రెండూ కలపకూడదు.

మార్చేటప్పుడు బావమరిది చెప్పే జాగ్రత్తలు కూడా రాస్తున్నాను. బానెట్ కింద ద్రవం పోసే పైడబ్బా ఎప్పుడూ ఖాళీ అవ్వనివ్వకూడదు, గాలి పట్టేస్తుంది (చూశారా, ఇక్కడా పట్టడమే). చక్రం దగ్గర పాత ద్రవం బయటికి వదిలే నిపుల్ బిగించాకే పెడల్ వదలాలి. సగం వాడి దాచిన డబ్బా మళ్ళీ పొయ్యకూడదు, మన ఉక్కపోతకి అది ఎప్పుడో చెమ్మ పట్టేసి ఉంటుంది. బండి రంగు మీద పడితే వెంటనే నీళ్ళతో కడగాలి.

బోర్డు ఇప్పుడిలా రాశాను, తప్పుంటే పెయింటర్ రాకముందే చెప్పండి: ‘డాట్ 4: కొత్తప్పుడు మరిగే వేడి 230, చెమ్మ పట్టాక మరిగే వేడి 155. మీ బండిలో పోసి ఎన్నేళ్ళైంది?’