కలింబాని మాయామాళవగౌళ రాగానికి దించడం తప్పా?

పర్లాకిమిడి తీగ:
మా గుంటకి, అదే మా అమ్మాయికి, 17 రేకుల కలింబా కొన్నాను, బొటనవేళ్లతో రేకులు మీటి వాయించేది. వచ్చినప్పుడు సి మేజర్ అనే పాశ్చాత్య స్వరవరసలో ఉంది, అంటే మన శంకరాభరణం రాగం స్వరాలే. సంగీతంలో మొదటి పాఠాలు, సరళీ వరసలు, మాయామాళవగౌళలో కదా, అందుకని రిషభం (రి) రేకులు మూడూ, ధైవతం (ద) రేకులు రెండూ అరస్వరం దించాను. వెనక కొసని చిన్న సుత్తితో మనవైపు తడితే రేకు పొడుగవుతుంది, శృతి దిగుతుంది. మొత్తం 5 రేకులకి ఓ పూట పట్టింది. సంగీతం మాస్టారు చూసి "బొమ్మలు క్లాసుకి తేవద్దు" అన్నారు. ఏం తప్పు చేశానండీ?

బరంపురం వీణ:
మాస్టారన్నది నిజం. రాగమంటే స్వరస్థానాలే కాదు బాబూ. వీణ మీద తీగ లాగితే రెండు మెట్ల మధ్యనున్నది పలుకుతుంది. ఆ గమకం కోసం రేకుని లాగగలవా?

పర్లాకిమిడి తీగ:
సరళీ వరసల్లో గమకం ఎవరు వేయిస్తారమ్మా?

సిరొంచ గోదారి:
మాదాంట్లో ఓ రేకు జుయ్యిమంటోంది. కాగితం ముక్క పెట్టొచ్చా?

రాయగడ రైలు:
పెట్టండి, ఆగుతుంది. జింబాబ్వే షోనావాళ్లయితే కలింబాకి మూలమైన ఎంబిరా అనే వాద్యానికి గవ్వలు, సీసా మూతలు కట్టి మరీ ఆ జుయ్యిమనే మోత తెప్పిస్తారు.

బరంపురం వీణ:
వాళ్ల వాద్యం, వాళ్ల మోత. దానిమీద మన రాగమెందుకు?

పర్లాకిమిడి తీగ:
వయొలిన్ ఎక్కడిది? ఆ సి మేజర్ కూడా కలింబా సొంతం కాదమ్మా. 1950ల్లో దక్షిణాఫ్రికాలో హ్యూ ట్రేసీ అనే సంగీత పరిశోధకుడు కలింబా తయారుచేసి పాశ్చాత్య శృతి పెట్టాడు. ఎంబిరాలకి చేసేవాడిని బట్టి శృతి మారుతుంది. ఆయన మార్చితే కొత్త వాద్యం, నేను మారిస్తే బొమ్మా?

బరంపురం వీణ:
వయొలిన్ గమకం పలుకుతుంది. పలకదనే 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని ఆపింది.

రాయగడ రైలు:
1971లో మళ్లీ రానిచ్చారు కదండీ.

బరంపురం వీణ:
రానిస్తే గమకం వచ్చేసిందా? నా దగ్గర పదకొండు మంది పిల్లలుండేవారు, ఇప్పుడు ముగ్గురు. అందరికీ ఫోన్లో శృతి చూసి టింగుటింగుమనిపిస్తే చాలు. ఇక్కడ ఒడిశాలో మా వీధి పిల్లలకి బళ్లో తెలుగు లేదు. కీర్తన నేర్పేటప్పుడే నాలుగు తెలుగు మాటలు వాళ్ల నోట పలికిస్తాను. పాటే మానేస్తే ఇంకెక్కడ పలుకుతారు? నా బాధ అది. నీ రేకులు కాదు.

పర్లాకిమిడి తీగ:
పలికితే నవ్వుతున్నారమ్మా. బళ్లో తెలుగుదని నవ్వుతారు. సంగీతం క్లాసులో దాని యాసకి నవ్వుతారు. ఓ రోజు "ఏమిటి" అనకుండా "ఏటి" అన్నందుకు మాస్టారే అందరిముందూ వెక్కిరించారు. ఆవేళ్నించి నోరు విప్పదు. రాత్రి పక్కమీద కూచుని స-రి-గ-మ బొటనవేళ్లతో వాయిస్తుంది, పెదాలు మాత్రం కదుపుతుంది.

గుణుపురం చిన్నోడు:
నాకూ అదే జరిగింది. నేను మానేశాను.

బరంపురం వీణ:
ఈ సంగతి మొదటే చెప్పాల్సింది. అలా వెక్కిరించడం పాపం. ఆ పెదాలు కదిపేటప్పుడు పక్కన కూచుని నువ్వు పాడు. నీ యాసలోనే పాడు. అయినా రేకులు గొంతుకి సాటి అంటే మాత్రం ఒప్పుకోను.

పర్లాకిమిడి తీగ:
పాడతాను. దాన్ని పాడమని మాత్రం అడగను. దించిన 5 రేకులూ అలాగే ఉంటాయి.