మినుముకూ పెసరకూ పాత పేర్లు తారుమారుగా ఉన్నాయి: జీన్ బ్యాంకుకు ఏ శాస్త్రీయ నామంతో పంపాలి?

ప్రశ్న: మధ్య డెల్టా రైతు

అందరికీ నమస్కారం. సార్వా వరి కోతకు రెండు మూడు రోజుల ముందు తడి చేలో చల్లే మినుము, పెసర, పిల్లిపెసరల్లో తాతల నాటి రకాలు మా ఊళ్లో కొన్ని ఇళ్లలో ఇంకా మిగిలి ఉన్నాయి. వాటిని పోగుచేసి, కొంత మా దగ్గర ఉంచుకొని, కొంత విత్తనాలను భద్రపరిచే జాతీయ జీన్ బ్యాంకుకు ఇవ్వాలని కొందరం అనుకుంటున్నాము. నమూనాతో పాటు పంపవలసిన వివరాల్లో శాస్త్రీయ నామం కూడా ఉండాలన్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది. మా దగ్గరున్న పాత వ్యవసాయ పుస్తకంలో పెసరకు ఫేసియోలస్ ముంగో అనీ, మినుముకు ఫేసియోలస్ రేడియేటస్ అనీ ఉంది. మా అమ్మాయి కళాశాల పుస్తకంలో మినుము విగ్నా ముంగో, పెసర విగ్నా రేడియేటా. ఇంటిపేరు మారితే మారింది, ఒంటిపేర్లు కూడా అటువి ఇటూ ఇటువి అటూ ఎలా అయ్యాయో బోధపడలేదు. తప్పు పేరుతో పంపితే విత్తనం తప్పు అరలోకి పోతుందేమోనన్నది ఒక భయం. ఒకసారి ఇచ్చాక ఆ విత్తనం మీద మాకు ఇక మాట ఉండదేమోనన్నది మరొకటి. తెలిసినవారు వివరించగలరు.

సమాధానం: విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు

మీ అమ్మాయి పుస్తకంలో ఉన్నదే సరైనదండి. లిన్నేయస్ 1753లో ఫేసియోలస్ రేడియేటస్ అన్నది పెసరను, 1767లో ఫేసియోలస్ ముంగో అన్నది మినుమును. అయితే ఉత్తరాదిన పెసరను మూంగ్ అంటారు కాబట్టి, ముంగో అంటే పెసరే అయి ఉంటుందని తరువాతివారు చాలామంది అనుకున్నారు. అలా రెండు పేర్లూ తారుమారై, వందేళ్లకు పైగా పుస్తకాల్లో అలాగే నడిచాయి. ఇది చాలదన్నట్టు పెసరకు ఫేసియోలస్ ఆరియస్ అనే మూడో పేరు కూడా వచ్చింది. ఆ పేరు పెట్టిన విలియం రాక్స్‌బర్గ్ మన సామర్లకోటలోనే 1781 నుంచి పన్నెండేళ్ల పాటు ఉండి, ఈ తీరపు మొక్కలను పరిశీలించి, వాటి తెలుగు పేర్లను కూడా తన గ్రంథాల్లోకి ఎక్కించిన వైద్యుడు.

ఇక ఇంటిపేరు సంగతి. మన పెసర, మినుములకు అమెరికా ఖండపు చిక్కుళ్లైన ఫేసియోలస్‌తో కంటే అలసందలున్న విగ్నాతోనే దగ్గరి చుట్టరికమని తేలింది. అందుకే పెసరను 1954లో విల్‌జెక్, మినుమును 1956లో హెప్పర్ విగ్నాలోకి మార్చారు. నామకరణ నియమావళి ప్రకారం ప్రజాతి, అంటే మీరన్న ఇంటిపేరు, మారినా మొదట పెట్టిన జాతి పదం వెంట వస్తుంది, మొదటి కర్త పేరు బ్రాకెట్లలో మిగులుతుంది. విగ్నా ముంగో తరువాత బ్రాకెట్లలో ఎల్ (అంటే లిన్నేయస్) అనీ, ఆ పక్కన హెప్పర్ అనీ కనిపించేది అందుకే. ఆ కర్తల పేర్లను వదలకుండా రాయండి. మీకు ఎదురైనటువంటి గందరగోళంలో ఎవరి అర్థంలో ఆ పేరు వాడారో చెప్పేవి అవే.

అయితే పేరు రాసే ముందు గింజను ఒకసారి చూడండి. తొక్క రంగును మాత్రం నమ్మకండి, ఎందుకంటే పచ్చ తొక్క మినుములూ ఉన్నాయి, నల్ల తొక్క పెసలూ ఉన్నాయి. గింజ కన్ను చుట్టూ గట్టు కట్టినట్టు ఉబ్బి ఉంటే మినుము, కన్ను తొక్కతో సమానంగా ఉంటే పెసర. అప్పటికీ అనుమానం తీరకపోతే గింజను నానబెట్టి తొక్క తీయండి. పప్పు తెల్లగా ఉంటే మినుము, పసుపుగా ఉంటే పెసర. ఈ పరీక్ష మన వంటింట్లో ఆడవాళ్లు ఏ నియమావళీ లేకుండానే చేస్తున్నారు.

సమాధానం: జీన్ బ్యాంకులో పనిచేసిన వ్యక్తి

అధ్యాపకురాలు చెప్పినదానికి కొంత చేర్చాలి. జీన్ బ్యాంకులో విత్తనాన్ని వెతికేది పేరుతో కాదు, యాక్సెషన్ నంబరుతో. మన దేశంలో సేకరించిన నమూనాకు ఐసీ అనే అక్షరాలతో, విదేశాల నుంచి వచ్చినదానికి ఈసీ అనే అక్షరాలతో జాతీయ వృక్ష జన్యు వనరుల సంస్థ నంబరు ఇస్తుంది. శాస్త్రీయ నామం రేపు మారినా ఆ నంబరు మారదు. సజ్జనే చూడండి: పెన్నిసెటం గ్లాకమ్‌గా దశాబ్దాలు నడిచిన పంటను 2010లో సెంక్రస్ అమెరికానస్ అన్నారు. ఆ మార్పును కొందరు ఒప్పుకున్నారు, కొందరు ఒప్పుకోలేదు. నమూనాలు మాత్రం ఏ డబ్బాలో ఉన్నవి ఆ డబ్బాలోనే ఉన్నాయి.

కాబట్టి పేరు గురించి మరీ బెంగపడకండి. తరువాత ఎవరూ తిరిగి రాబట్టలేని వివరాలు వేరే ఉన్నాయి. మీ ఊళ్లో ఆ రకాన్ని ఏమని పిలుస్తారు, ఎవరి చేలో సేకరించారు, అది మెరకా పల్లమా, ఉప్పు తగిలే నేలా, ఏ నెలలో కోశారు, ఎన్నేళ్లుగా ఆ ఇంట్లో ఉంది అన్నవి మీరు రాయకపోతే ఇంకెవరూ రాయలేరు. తప్పు శాస్త్రీయ నామాన్ని గింజ చూసి మేము దిద్దుకోగలం, ఖాళీగా వదిలిన ఊరి పేరును ఏ ప్రయోగశాలా పూరించలేదు. పాత పుస్తకంలోని పేరు కూడా మీ సంఘం పుస్తకంలో ఉంటే దాన్ని కొట్టివేయకుండా, పక్కన కొత్త పేరు రాయండి.

పిల్లిపెసర విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. దానికి విగ్నా ట్రైలోబేటా అని రాయడం పరిపాటి, కానీ దాని దగ్గరి చుట్టమైన విగ్నా స్టిపులేసియాతో అది తరచుగా కలిసిపోతుంటుంది. నిశ్చయంగా తెలియకపోతే విగ్నా అని మాత్రమే రాసి, జాతిని ఖాళీగా వదిలేయడం తప్పు కాదు. ఊహించి రాసిన పేరు కంటే అదే మేలు. వీలైతే పువ్వు, కాయ, ఆకు మొదట ఉండే రెక్కలు కనిపించేలా ఒక మొక్కను కాగితాల మధ్య ఆరబెట్టి జతచేయండి.

సమాధానం: ఉండి వైపు రైతు

పేర్ల సంగతి పండితులు చూసుకుంటారు. నాది రెండో భయం గురించిన మాట. గతంలో ఒక సంస్థవారు మా ఊరికి వచ్చి మూడు రకాల పాత వడ్లు పట్టుకెళ్లారు. రసీదు లేదు, నంబరు లేదు, మళ్లీ అడిగితే ఆ వచ్చినవారు బదిలీ అయిపోయారన్నారు. ఇవ్వడం తేలిక, రాబట్టుకోవడమే కష్టం. చట్టం ఏమంటుందో ముందు చెప్పండి, ఆ తరువాత పొట్లాలు కడదాం.

సమాధానం: జీన్ బ్యాంకులో పనిచేసిన వ్యక్తి

మీ కోపం న్యాయమైనదే. నంబరు లేని సేకరణను నేను సేకరణగా లెక్కించను.

చట్టం మాటకు వస్తే, 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు వేసి అమ్మడమే కూడదు. అదే చట్టం కింద రైతుల రకంగా నమోదు చేయించుకునే వీలూ ఉంది. నమూనా ఇచ్చినంత మాత్రాన ఇవేవీ పోవు. విదేశీయులు ఎవరైనా మన జీవ వనరులు తీసుకోవాలంటే 2002 నాటి జీవ వైవిధ్య చట్టం ప్రకారం జాతీయ జీవ వైవిధ్య సంస్థ అనుమతి ఉండాలి.

దేశాల మధ్య పంపకానికి 2004లో అమల్లోకి వచ్చిన, పంటల జన్యు వనరులపై అంతర్జాతీయ ఒప్పందం ఉంది, భారత్ అందులో సభ్యదేశం. దాని పట్టికలోని పంటలకు అందరికీ ఒకే తీరులో రాసిన బదిలీ పత్రం వర్తిస్తుంది. తీసుకున్నవారు ఆ విత్తనంపై, వచ్చిన రూపంలోనే, ఇతరులకు అందకుండా చేసే మేధో హక్కులు కోరరాదన్నది అందులోని షరతు. ఆ పట్టికను వృక్షశాస్త్ర ప్రజాతుల పేర్లతో రాశారు. వరి ఒరైజాగా ఉంది, విగ్నా ఉంది, సజ్జ ఇంకా పెన్నిసెటంగానే ఉంది. వేరుశనగ అసలు లేదు. పైగా ప్రభుత్వ ఆధీనంలోని ప్రజా సేకరణలే తమంతట తాము ఆ ఏర్పాటులోకి వస్తాయి. మీ గాదెలోని గింజ రాదు.

ఇచ్చిపుచ్చుకోవడంలో లాభం లేదనుకోకండి. మారుటేరులో పుట్టిన స్వర్ణ, అంటే మనం ఏడు వేల ఇరవై తొమ్మిది అనే రకం, నీట మునిగితే నిలవలేకపోయేది. ఒడిశా రైతుల పాత వరి నుంచి వచ్చిన ఎఫ్ఆర్ 13ఏ లోని ముంపును తట్టుకునే జన్యువును ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో దానికి చేర్చితే, 2009లో స్వర్ణ సబ్ 1 గా మన దేశంలో విడుదలైంది. ఆ ఒడిశా గింజను ఎవరూ ఇవ్వకపోయి ఉంటే అది జరిగేది కాదు.

ప్రశ్నించిన రైతు

ధన్యవాదాలండి. ఊరి పేర్లు, చేల వివరాలు ఈ వారమే రాయిస్తాము. పొట్లాలు ఎలా కట్టాలి? మా దగ్గర గాలిలో తేమ ఎక్కువ, మినుముకు పురుగు తొందరగా పడుతుంది.

సమాధానం: జీన్ బ్యాంకులో పనిచేసిన వ్యక్తి

నీడలో బాగా ఆరబెట్టి, పుచ్చు గింజలు ఏరివేసి, గుడ్డ సంచిలోనో కాగితపు కవరులోనో పంపండి. ప్లాస్టిక్ వద్దు, లోపలి తేమ బయటికి పోదు. మందు కలిపితే ఏమి కలిపారో తప్పక రాయండి. అక్కడ మళ్లీ తేమ తగ్గించి, మొలక పరీక్ష చేసి, రేకు సంచుల్లో మైనస్ 18 డిగ్రీల వద్ద ఉంచుతారు. నేరుగా తపాలాలో వేయడం కంటే దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రం ద్వారా పంపితే రసీదు అడగడం సులువు. ఐసీ నంబరు వచ్చాక దాన్ని మీ సంచి మీద కూడా రాసుకోండి. పదేళ్ల తరువాత మీ దగ్గరి విత్తనం పోతే అడగవలసింది ఆ నంబరుతోనే.