కాళ్లకు దమ్ము రావాలంటే కైలాసగిరి మెట్లా, బీచ్ రోడ్డు మీద మెల్లటి పరుగా?

కొత్తపరుగు:
పరుగు మొదలుపెట్టి నెలయింది. వయసు 34, రోజంతా కుర్చీ ఉద్యోగం. వైజాగ్ ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి సబ్‌మెరైన్ మ్యూజియం దాటి కాస్త ముందుకెళ్లేసరికి పిక్కలు రాళ్లలా బిగుసుకుపోతున్నాయి. విచిత్రం ఏంటంటే ఆయాసం పెద్దగా లేదు, కాళ్లే మొరాయిస్తున్నాయి. మాతో వచ్చే ఒకాయన కైలాసగిరి మెట్లెక్కు, ఇసుకలో పరిగెత్తు, పదిహేను రోజుల్లో కాళ్లు ఇనుమవుతాయి అంటాడు. ఇంకొకాయన వాటి జోలికే పోకు, మెల్లగా పరిగెత్తు చాలంటాడు. ఎవరి మాట వినాలి?

ఇసుకతిన్నె:
మొదటాయన మాటే విను తమ్ముడూ. మా కుర్రతనంలో జాలారిపేట వైపు ఇసుకలోనే పరిగెత్తేవాళ్లం, అదీ ఒట్టికాళ్లతో, షూలు ఎవడి దగ్గరున్నాయి గనక. గట్టి నేల మీదకంటే ఇసుకలో అదే వేగానికి ఒకటిన్నర రెట్ల పైనే శక్తి ఖర్చవుతుంది, ఇది పరీక్షలు చేసి తేల్చిన మాటే. కష్టపెట్టకపోతే కాలు ఎందుకు గట్టిపడుతుంది?

నెమ్మదిబండి:
శక్తి ఎక్కువ ఖర్చవడం వేరు, దమ్ము రావడం వేరు బాబాయ్ గారూ. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే దారికొస్తాయి, కండరం వాటి వెనకాల వస్తుంది, మడమ వెనకుండే అకిలిస్ టెండన్‌కీ ఎముకకీ నెలలు పడుతుంది. ఇతను ఆయాసం లేదంటున్నాడు చూడండి, అసలు ప్రమాదం అక్కడే, ఊపిరి ఉంది కదా అని వేగం పెంచేస్తాం. నేనూ అదే చేశాను. అలల పక్కన తడి ఇసుక గట్టిగా ఉంటుందని రోజూ అక్కడే పరిగెత్తాను, అది సముద్రంలోకి వాలుగా ఉంటుందని, ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతోందని నెల దాకా గమనించలేదు. తర్వాత రెండు నెలలు పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది.
కాలు త్వరగా అలసిపోకూడదంటే కండరంలో సన్నటి రక్తనాళాలు, కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పెరగాలి. పక్కవాడితో కబుర్లు చెప్పగలిగే వేగంలో ఎక్కువసేపు గడిపితే అవి పెరుగుతాయి. రెండు నిమిషాలు పరుగు, నిమిషం నడక, అలా పాతిక నిమిషాలు, రోజు విడిచి రోజు.

గాజువాక_గాలి:
కొబ్బరినీళ్లు తాగండి సార్, అంతా సెట్ అవుతుంది.

ఇసుకతిన్నె:
నిమిషం పరుగు, నిమిషం నడక... ఇవన్నీ ఫోన్‌లో చూసి నేర్చుకున్న లెక్కలు. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు, మా అత్తకి అరవై దాటాయి, ఏ ట్రైనింగూ లేకుండా తొలి పావంచా, అదే కొండ కింది మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి నడిచేసింది.

నెమ్మదిబండి:
మూడో రోజు మీ అత్తగారు మెట్లు ఎలా దిగారో కూడా చెప్పండి.

ఎంవీపీ_అక్క:
ఇసుక గురించీ ఊపిరి గురించీ మీరిద్దరూ కొట్టుకుంటున్నారు గానీ ఆ అబ్బాయి అడిగిన పిక్క గురించి ఒక్కరూ మాట్లాడట్లేదు. పరుగులో ప్రతి అడుగుకీ పిక్క లోపలి కండరం, సోలియస్ అంటారు, ఒంటి బరువుకి ఆరు రెట్ల పైనే మోస్తుంది. రోజంతా కుర్చీలో కూర్చున్న కాలికి అది ఎక్కడినుంచి వస్తుంది? బాబూ, మీ అపార్ట్‌మెంట్ మెట్టు అంచున ఒంటికాలిమీద నిలబడి, రైలింగ్ పట్టుకుని, మడమ పైకెత్తి దించు, ఎన్నిసార్లు చేయగలవో లెక్కపెట్టు. నాకు మొదటిసారి ఎడమకాలు తొమ్మిదికే ఆగిపోయింది, ఫిజియో అమ్మాయి ఇరవై దాటాలంది. తర్వాత మోకాలు కొంచెం వంచి కూడా చెయ్యి, సోలియస్‌కి పని పడేది అప్పుడే ఎక్కువ.
మెట్లెక్కడం మంచిదే, కొంప ముంచేది దిగడం. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ బరువు ఆపుతుంది, అందుకే నొప్పి అప్పుడు తెలియదు, మర్నాడో ఎల్లుండో పట్టుకుంటుంది. ఎక్కి రోప్‌వేలో దిగుదామంటే పొద్దున ఆరింటికి ఎవరు తిప్పుతారు! ఇంకోటి, షూ కొత్తగా మార్చావా? మడమ దగ్గర ఎత్తు తక్కువున్న షూ అయితే భారమంతా పిక్కమీదే పడుతుంది.

కొత్తపరుగు:
అక్కా, షూ మార్చి నెలే అయింది, పల్చటివే కొన్నాను, తేలిగ్గా ఉన్నాయని. రాత్రి మెట్టు దగ్గర చేసి చూశాను. కుడి 11, ఎడమ 7. రైలింగ్ పట్టుకుని వణుకుతుంటే ఎదురింటి ఆంటీ తలుపు తీసి ఏమైంది బాబూ, కళ్లు తిరుగుతున్నాయా అని మజ్జిగ తెచ్చిచ్చింది. పాత షూలోకి వెళ్లిపోతున్నాను, నెల రోజులు అక్క చెప్పినట్టు, నెమ్మదిబండి గారి లెక్కలో.

ఇసుకతిన్నె:
సరే కానివ్వండి. ఇసుకలో నడవడానికైనా ఒప్పుకుంటారా, దానికీ నిమిషాల లెక్కుందా?

నెమ్మదిబండి:
నడవనివ్వండి బాబాయ్ గారూ, పొడి ఇసుకలో పది నిమిషాలు. వాలులో మాత్రం వద్దు.