మైనర్ రాసిన నోటు వాయిడా (అసలే చెల్లనిదా), వాయిడబులా (కావాలంటే రద్దు చేసుకోగలిగేదా)?

కొబ్బరితోట (అమలాపురం):
బార్ ఎగ్జామ్‌కి కాంట్రాక్ట్ యాక్ట్ చదువుతున్నానండి, ఒప్పందం చేసుకునే అర్హత ఎవరికుందో చెప్పే సెక్షన్ 11 దగ్గర ఆగిపోయాను. పదిహేడేళ్ళ కుర్రాడు కొబ్బరికాయల వ్యాపారి దగ్గర 40 వేలు తీసుకుని, రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టి నోటు రాసిచ్చాడనుకోండి. 18 నిండాక అదే నోటు వెనకాల "ఈ బాకీ నాదే, కట్టేస్తాను" అని రాస్తే చెల్లుతుందా? బెదిరించి రాయించుకున్నది వాయిడబుల్ కదా, ఇదీ అంతేననుకుని మాక్ టెస్టులో పెట్టాను, తప్పన్నారు.

గోదారిగట్టు:
తప్పేనండి. బెదిరింపు, మోసం ఉన్నచోట ఒప్పందం ఉంటుంది, నష్టపోయినవాడు కావాలంటే రద్దు చేసుకుంటాడు, అది సెక్షన్ 19. మైనర్‌కి అసలు ఒప్పందం చేసుకునే అర్హతే లేదు. 1903లో మోహరీ బీబీ వర్సెస్ ధర్మోదాస్ ఘోష్ కేసులో, ధర్మోదాస్ మైనర్‌గా ఉండగా ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నాడు, ఆ తాకట్టు మొదటినుంచీ చెల్లదని, అంటే వాయిడని, ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో పై అప్పీలు కోర్టు) చెప్పింది. మొదట్నుంచీ లేనిదాన్ని పెద్దయ్యాక ఒప్పుకోవడానికేముంది? పాత డబ్బుకే కొత్త నోటు రాసినా కుదరదు, సూరజ్ నారాయణ్ వర్సెస్ సుఖు అహీర్ (1928, అలహాబాద్) చూడండి, మైనర్‌గా ఉన్నప్పుడు తీసుకున్నది కొత్త నోటుకి ప్రతిఫలం (మాటకి బదులుగా ఇచ్చేది) కాదు.

లంకరైతు:
దీన్నే తిప్పి అడుగుతారు, జాగ్రత్తండి. మైనరే డబ్బిచ్చి తన పేర తాకట్టు రాయించుకుంటే అది చెల్లుతుంది, 1916లో మద్రాస్ హైకోర్టు ఫుల్ బెంచ్ (ఎక్కువమంది జడ్జీల బెంచ్) తేల్చేసింది. అలాగే సెక్షన్ 68: తిండి, బట్ట, చదువులాంటి అవసరాలకి ఎవరైనా సరఫరా చేస్తే ఆ డబ్బు మైనర్ ఆస్తిలోంచి రాబట్టుకోవచ్చు, అతన్ని వ్యక్తిగతంగా పట్టుకోవడానికి మాత్రం లేదు. ఇంకోటి, కోర్టు గార్డియన్‌ని పెడితే మైనారిటీ 21 దాకా అని పాత గైడ్లలో ఉంటుంది, 1999 సవరణతో అది పోయింది, అందరికీ 18 ఏళ్ళే.

కొబ్బరితోట:
చాలా థాంక్సండి, ఇప్పుడు అర్థమైంది. కానీ ఆ వ్యాపారి 40 వేలు గోదాట్లో పోసినట్టేనా? నాకిదే బాధగా ఉంది.

గోదారిగట్టు:
పూర్తిగా కాదండి. స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్, 1963, సెక్షన్ 33 తీయండి. ఆయన దావా వేస్తే, కుర్రాడు "నేనప్పుడు మైనర్‌ని" అని తప్పుకున్నా, ఆ డబ్బుతో తనకో తన ఆస్తికో ఎంత మేలు జరిగిందో అంతమేరకు తిరిగిమ్మని కోర్టు అనొచ్చు. తోటకి మోటారు కొన్నాడనుకోండి, అడగడానికి ఏదో ఉంది. సినిమాలకీ షికార్లకీ తగలేశాడంటే కష్టమే.