నాన్న తెచ్చిన నల్లరాయి ఉల్కాశిలేనా? హెచ్5, సీఎం2 అని ఎలా తేలుస్తారు?

పత్తికొండ అబ్బాయి:

అందరికీ నమస్కారం. మాది పత్తికొండ దగ్గర పల్లె. తొలకరి పడగానే నాన్న జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతకడానికి వెళతారు. పన్నెండేళ్ళుగా వెళుతున్నా దక్కింది వడదెబ్బే. ఈసారి మాత్రం తువ్వాలులో మూటగట్టుకుని ఒక నల్లరాయి తెచ్చారు. కొబ్బరికాయంత ఉంటుంది, కిరాణా కొట్టు కాటా మీద పెడితే 2 కిలోల 800 గ్రాములు తూగింది. ఫ్రిజ్ తలుపు మీది బొమ్మ అయస్కాంతం దానికి కాస్త అంటుకుంటుంది.

ఊరంతా ఉల్క అంటున్నారు. నిన్న కారులో ఇద్దరు వచ్చారు. ఈ రాయికి బియ్యపు గింజల్ని లాగే శక్తి ఉందట, పరీక్షకు ముందుగా యాభై వేలు కడితే తర్వాత కోట్లు వస్తాయట. నాన్న గేదె వైపు చూస్తున్నారు. నేను ఇంటర్నెట్‌లో వెతికితే హెచ్5, ఎల్6, సీఎం2 అని బస్సు నంబర్లలా ఏవేవో కనిపించాయి. ఈ నంబర్లు ఎవరిస్తారు? దేన్ని చూసి ఇస్తారు?

నల్లమల బాటసారి:

గేదెను అమ్మనివ్వకు తమ్ముడూ. బియ్యం లాగే చెంబు అని నమ్మి మా పెదనాన్న అరెకరం పోగొట్టుకున్నాడు. మీది రాయి, ఆయనది చెంబు. మాటలు మాత్రం అవే.

రాళ్ళ మాస్టారు:

బాబూ, రాళ్ళను పలచగా కోయించి మైక్రోస్కోపు కింద చూడటంలోనే నా ఉద్యోగ జీవితం గడిచింది. నల్లగా, బరువుగా ఉన్నంత మాత్రాన ఉల్కాశిల కాదు. మీ సీమలో నల్లరాళ్ళకు కరువా?

ముందు యాభై పైసలు కూడా ఖర్చు కాని పరీక్ష ఒకటి చెయ్యి. బాత్రూము టైలును తిరగేసి, నునుపు లేని వెనక వైపు రాయిని గట్టిగా గీయి. ఎర్ర గీత పడితే హెమటైటు, నల్ల గీత పడితే మాగ్నటైటు, రెండూ మన నేలలో దొరికే ఇనుప ఖనిజాలే. రాతి ఉల్కాశిల గీత పడీపడనట్టుగా ఉంటుంది. తర్వాత ఒక మూలను ఉప్పుకాగితంతో అరగదియ్యి. ఈమధ్యే పడిన ఉల్కాశిలకు పైన నల్లటి పెంకు ఉంటుంది, దాని మందం మిల్లీమీటరు కూడా ఉండదు. చాలావాటికి లోపల బూడిదరంగు రాయి, అందులో ఇనుప నలుసుల మెరుపు కనిపిస్తాయి. పెద్ద అయస్కాంతాలు మాత్రం దగ్గరికి తేవద్దు. నిజంగా ఉల్కాశిలే అయితే అందులోని పాత అయస్కాంత గుర్తులు చెరిగిపోతాయి.

ఇక నంబర్ల సంగతి. రాతి ఉల్కాశిలల్లో ఎక్కువ భాగం కాండ్రైట్లు. వాటిలో కాండ్రూల్స్ అనే చిన్న గుండ్రటి గింజలుంటాయి. రాయిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీస్తే వెలుతురు దాటి వస్తుంది, అప్పుడు ఆ గింజలు కనిపిస్తాయి. సగ్గుబియ్యం పాయసం తలచుకో. గింజలు విడివిడిగా కనిపిస్తే 3. వేడికి అంచులు చెరిగి చుట్టూ ఉన్నదానిలో కలిసిపోతూ ఉంటే 4, 5. వెతికితే గాని ఆనవాలు దొరకకపోతే 6.

అక్షరం ఇనుమును బట్టి వస్తుంది. ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్ అనే పరికరంతో ఆలివిన్ ఖనిజంలో ఇనుము పాలు కొలుస్తారు. సుమారు 16 నుంచి 20 శాతం ఉంటే హెచ్, అంతకు మించితే ఎల్, ఇంకా పైకి పోతే ఎల్‌ఎల్. ఇక్కడే మా కుర్రాళ్ళు ప్రతిసారీ తికమకపడేవారు. హెచ్ అంటే మొత్తం ఇనుము ఎక్కువని కదా, మరి ఆలివిన్‌లో తక్కువేమిటి? ఇనుము చాలావరకు లోహంగానే ఉండిపోయింది, ఖనిజంలోకి చేరింది కొంచెమే. అందుకే అలా.

సీఎం2 దారి వేరు. 2017 జూన్ 6 తెల్లవారుజామున జైపూర్ దగ్గర ముకుంద్‌పురా పొలంలో సుమారు రెండు కిలోల రాయి పడింది. మెత్తటి నేలలో చిన్న గుంట చేసి, ముక్కలైంది. లోపల కూడా బొగ్గులా నలుపు. సీ అంటే కార్బన్ రకం, ఎం అంటే 1889లో ఉక్రెయిన్‌లో పడిన మిగేయ్ రాయి కుటుంబం. 2 వేడి గుర్తు కాదు, నీటి గుర్తు. ఆ రాయి ఊడివచ్చిన తల్లి గ్రహశకలంలో ఒకప్పుడు నీరు తగిలి, ఖనిజాలు కొంతవరకు బంకమట్టి లాంటివాటిగా మారాయి. నన్నడిగితే నీ కోట్ల కథ కంటే ఇదే వింత.

మన దగ్గరా పడ్డాయి. 1852లో నెల్లూరు ప్రాంతంలో పడిన రాయి యాటూర్ పేరుతో నమోదైంది, అది హెచ్5. ఉల్కాశిలలకు దొరికిన చోటి పేరే పెడతారు. ఉల్కాశిలల శాస్త్రవేత్తల సంఘం మెటియోరిటికల్ సొసైటీ కమిటీ ఒప్పుకుంటేనే ఆ పేరు ఖాయం.

గీత రంగు చూసి చెప్పు.

పత్తికొండ అబ్బాయి:

మాస్టారూ, పొద్దున్నే గీశాను. ఇటుకపొడి లాంటి ఎర్ర గీత. మూల అరగదీస్తే లోపల ఉక్కురంగే, బూడిదరంగు లేదు, వేరే నలుసులూ లేవు. టైలు నాన్నకు చూపించాను. రెండోసారి తానే గీసి, వేలితో తుడిచి చూసుకున్నారు. ఏమీ అనలేదు.

రాళ్ళ మాస్టారు:

హెమటైటే బాబూ. అయస్కాంతం కాస్త అంటిందంటే అందులో కొంచెం మాగ్నటైటు కలిసి ఉంటుంది. మీ నాన్నగారికి ఇంకా అనుమానం ఉంటే హైదరాబాదు బండ్లగూడలో భూగర్భ సర్వే కార్యాలయం ఉంది, చిన్న ముక్క పట్టుకెళ్ళి చూపించండి. కారువాళ్ళు మళ్ళీ వస్తే ఆ టైలు ముక్కే వాళ్ళ చేతికివ్వు.

పత్తికొండ అబ్బాయి:

వచ్చారు సార్. గీయమంటే ఫోను వచ్చిందని వెళ్ళిపోయారు. నాన్న రేపు మళ్ళీ జొన్నగిరి వెళుతున్నారు, ఈసారి సంచిలో టైలు ముక్క కూడా పెట్టుకున్నారు.